అన్నం తిని భయపడు

ఈ పరాయి దేశంలో, మేముండే పుంగ్గోల్‌లో, మా పక్క ఫ్లాట్ అంకుల్ పోయిన శుక్రవారం గుండెపోటుతో చనిపోయారు. ఆ మాట వినగానే దుఃఖం కన్నా ముందు నాకు భయం వేసింది. మా ఆయన ఆయిల్ ట్యాంకర్ మీద ఇంజనీరు. అప్పుడా ఓడ గల్ఫ్ వైపే వెళుతోంది.

అంకుల్‌ది హైదరాబాద్. ట్యాంకర్ల ఇంజన్ గదుల్లోనే జీవితమంతా గడిపి రిటైరయ్యారు. ఇంట్లో ఉర్దూ, నాతో తెలుగు. లిఫ్ట్ దగ్గర కనిపిస్తే చాలు, "బేటీ, ఓడ యాడిదాక వచ్చింది?" అని అడిగేవారు.

కొన్నేళ్ల కిందట ఒక దేశం మరో దేశపు సేనాధిపతిని క్షిపణితో చంపింది. టీవీలో ఆ వార్త చూసి మా అమ్మాయి, "బ్యాడ్ గై కదా అంకుల్, ఫినిష్ లా!" అని ఇక్కడి పిల్లల ఇంగ్లిష్‌లో అంది. మేమంతా నవ్వాం. అంకుల్ మాత్రం నవ్వలేదు.

"ఫినిష్ కాదు బిడ్డా. వాని కుర్చీల రేపు ఇంకొకడు కూసుంటడు. కోపంతోని కూసుంటడు. ఆ కోపం ఎన్నేండ్లకు ఎవరి మీద పడతదో ఎవరికెరుక?"

వయసులో ఉన్నప్పుడు, ఎవరిదో యుద్ధంలో, ఆయన ఓడ మీద రాకెట్ పడిందట. కూడా పనిచేసే స్నేహితుడు కళ్లముందే పోయాడట. "ఆ కొట్లాటకూ మాకూ ఏం సంబంధం? మేం నూనె మోసెటోళ్లం" అనేవారు.

నెలలు గడిచాయి. ఏమీ జరగలేదు. పెద్దాయన చాదస్తం అనుకున్నాను. రెండేళ్ల తర్వాత, ఆ సేనాధిపతి చావుకు బదులంటూ సాయుధులు గల్ఫ్ జలసంధిలో మా ఆయన ఓడను పట్టుకున్నారు. పంతొమ్మిది రోజులు ఆయన గొంతు వినలేదు. అంకుల్ రోజూ పొద్దున్నే వచ్చి మా హాల్లో కూర్చునేవారు. ధైర్యంగా ఉండమని ఒక్కసారీ అనలేదు.

"భయపడు బేటీ, తప్పు లేదు. గానీ అన్నం తిని భయపడు" అని, ఆంటీ పంపిన ఖిచిడీ నా ముందు పెట్టేవారు. తినేదాకా కదిలేవారు కాదు.

మా ఆయన తిరిగొచ్చారు. తలుపు గట్టిగా పడితే ఇప్పటికీ ఉలిక్కిపడతారు. వేరే పని రాదు గనుక మళ్లీ ఓడెక్కారు. పోయిన నెల ఆ దేశపు ఇంకో సేనాధిపతిని కూడా చంపేశారని టీవీలో చెప్పారు. అంకుల్ నన్ను అడిగిందొకటే: "కొత్తోడు ఎవరో చెప్పిండ్రా?"

మగవాళ్లు అంకుల్ జనాజాను ఖబరస్తాన్‌కు మోసుకెళ్లాక ఆంటీ పక్కన కూర్చున్నాను. ఫోన్‌లో మా ఆయన మెసేజ్: "రేపు జలసంధిలోకి వెళుతున్నాం. అంకుల్‌తో చెప్పు." అంకుల్ పోయిన సంగతి ఆయనకింకా తెలియదు. ఆంటీ నా ముఖం చూసి ఓడ పేరు అడిగారు. చెప్పాను. ఆవిడ దుపట్టా తల మీదికి లాక్కుని, ఏడుస్తూనే, ఆ పేరు తడబడుతూ పలికి, ప్రార్థనకు రెండు చేతులూ చాచారు.