ఉమ్మి డాక్టరమ్మ

మా ఆర్మూర్ పండ్ల డాక్టరమ్మ ఇక లేరు. మొన్న మంగళవారం పొద్దున నేను ల్యాబ్ షటర్ ఎత్తుతుంటే పక్కనున్న ఎస్టీడీ బూత్ ఆయన వచ్చి, "నిజామాబాద్ నుంచి ఫోన్ వచ్చింది సార్. పండ్ల డాక్టరమ్మ గుండె ఆగి పోయిందట" అన్నాడు. తాళంచెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. కళ్లలో నీళ్లు వచ్చాయి. కానీ ఆ నీళ్ల వెనకే ఆమె గెలిచిన రోజు కళ్ల ముందుకు వచ్చింది. ఆ రోజు గురించి మీకు చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె భర్త పోచంపాడ్ డ్యాం మీద ఇంజినీరు. ఎనభైల మొదట్లో ఆయన బదిలీతో పాటు వచ్చి, ఆర్మూర్ పసుపు మార్కెట్ దారిలో మా ల్యాబ్‌కు ఎదురుగా ఒక గది తీసుకుని దవాఖాన పెట్టారు. రోజూ పోచంపాడ్ నుంచి బస్సులో వచ్చేవారు. రాగానే పండ్ల కుర్చీ మీద పేరుకున్న పసుపు దుమ్ము తుడవడం ఆమె మొదటి పని. నేనూ అప్పుడే రక్తం, మూత్రం పరీక్షలు చేసే ల్యాబ్ కొత్తగా తెరిచాను. నన్ను "తమ్మీ" అని పిలిచేవారు.

ఒకరోజు మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఆమె రాసిన చిట్టీ తెచ్చాడు. షుగర్ చూడమని ఉంది. పన్ను నొప్పికి షుగర్ పరీక్ష ఏమిటని నవ్వుకుంటూ, గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి స్పిరిట్ దీపం మీద మరిగించాను. షుగర్ లేకపోతే ఆ మందు నీలంగానే ఉంటుంది. ఉంటే రంగు మారుతుంది. చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది. ఆ మనిషికి షుగర్ ఉన్నట్టు అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆయనకు కూడా.

సాయంత్రం వెళ్లి అడిగాను, ఎలా కనిపెట్టారని.

"పండ్లన్నీ కదులుతున్నయి, చిగుర్లకెల్లి రక్తం కారుతుంది. నోరేమో ఎండిపోయింది, నాలుక అంగిట్ల అతుకుతుంది" అన్నారు. "నా కుర్చీలకు పన్ను ఒక్కటే రాదు తమ్మీ. మనిషి మొత్తం వస్తడు."

ఆ తర్వాత ఆమె ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టారు. అనుమానం వచ్చిన ప్రతి మనిషి చేతికీ గీతలు గీసిన చిన్న గాజు గ్లాసు ఇచ్చి, ఐదు నిమిషాలు నోట్లో ఊరిన ఉమ్మి అందులో వదలమనేవారు. "చింతకాయ మతికి తెచ్చుకోకు, లెక్క తప్పుతది" అని హెచ్చరించేవారు. గ్లాసులో ఎంత ఊరిందో, అది పలచగా ఉందో జిగటగా ఉందో నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఉమ్మి తక్కువైతే నోరు పుండవుతుందనీ, దాని వెనక షుగరో, వాడే మందులో, ఇంకో జబ్బో ఉండొచ్చనీ నాకు ఓపికగా చెప్పేవారు. మార్కెట్ మాత్రం దీన్ని తమాషా చేసింది. నెల తిరక్కుండా ఆమె పేరు "ఉమ్మి డాక్టరమ్మ" అయిపోయింది. వెక్కిరింపుగానే పెట్టారు. ఆమె వినీ విననట్టు ఉండేవారు.

వెక్కిరింపు కన్నా పెద్ద చిక్కు మా ఊరి పెద్ద డాక్టరుతో వచ్చింది. ఆయన చెయ్యి మంచిదని ఏర్గట్ల నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. నా ల్యాబ్ బతికిందే ఆయన పంపే చిట్టీల మీద. ఒకనాడు నన్ను పిలిపించారు.

"పండ్లు పీకెటామె రాస్తే షుగర్ పరీక్షలు చేస్తున్నవట. రేపు మంగలాయన రాసినా చేస్తవా? ఆలోచించుకో. నా చిట్టీలు గావాల్నా, ఆమె చిట్టీలు గావాల్నా?"

నాకు కొత్తగా పెళ్లయింది. భయపడ్డాను. దాచుకోవడం ఎందుకు, ఆ వారమంతా ఆమె పంపిన వాళ్లను మందు అయిపోయిందని చెప్పి తిప్పి పంపాను. వారం తర్వాత ఆమే రోడ్డు దాటి వచ్చారు. కోపం లేదు. చేతిలో రెండు ఖాళీ గాజు గొట్టాలున్నాయి.

"నీ ఇబ్బంది నాకు సమజైంది తమ్మీ. గా నీలం మందు ఎట్ల కలుపుతరో జర నేర్పు. నేనే మరిగిచ్చుకుంట."

నేను తల ఎత్తలేకపోయాను. గొట్టాలు ఆమె చేతిలోంచి తీసుకుని, "మీ చిట్టీలు పంపుండ్రి డాక్టరమ్మా, నేనే చేస్త" అన్నాను. పెద్ద డాక్టరు చిట్టీలు సగానికి పడిపోయాయి. ఇంట్లో కొంత కష్టమైంది. అయినా ఆ రోజు నుంచి నా పని మీద నాకు గౌరవం పెరిగింది.

కొన్నేళ్లకు వేల్పూర్ నుంచి ఒకామె వచ్చింది. పసుపు పండించే ఇంటి మనిషి, యాభై దాటాయి. కాలి వేలికి పుండై పాదం వాచింది. పెద్ద డాక్టరు ఇన్సులిన్ ఎంత పెంచినా షుగర్ దిగడం లేదు. పదిహేను రోజుల్లో నిజామాబాద్‌లో పాదం తీసేయాలని నిర్ణయమైంది. ఆపరేషన్ ముందు పరీక్షకని కొడుకు నా దగ్గరికి తెచ్చాడు. ఆమె మాట్లాడితే నోటి నుంచి చీము వాసన వచ్చింది. నేను ఆమెను మెల్లగా ఎదురు గదికి నడిపించాను.

డాక్టరమ్మ చిగుళ్లు వేలితో నొక్కి చూసి, చేతులు కడుక్కుని, "నడువు తమ్మీ" అంటూ నేరుగా పెద్ద డాక్టరు దవాఖానకు బయలుదేరారు. జనం చూస్తుండగానే లోపలికి వెళ్లారు.

ఆయన తల ఎత్తకుండానే అన్నారు. "పండ్లు పీకుతే కాలు మానుతదామ్మా?"

"కాలు నేను మాన్పిస్త అంటలేను సార్. నోరంత చీముంది. గది ఉన్నన్ని దినాలు మీ మందును పని చేయనియ్యదు. మీరు ఇన్సులిన్ చూస్కోండ్రి, పుండు చూస్కోండ్రి. నోరు నాకు ఇడిసిపెట్టుండ్రి. పదిహేను దినాలు ఎట్లాగూ ఉన్నయి గదా."

ఆయన పెన్నుకు మూత పెట్టి మొదటిసారి తల ఎత్తి చూశారు. "సరే. పదిహేను దినాలే" అన్నారు.

ముందు చీముకు మందులు వాడి, తర్వాత డాక్టరమ్మ నాలుగు పళ్లు తీశారు. మిగతా చిగుళ్లు రోజుకింత చొప్పున శుభ్రం చేశారు. పోచంపాడ్ వెళ్లే ఆఖరి బస్సు దాకా వేల్పూర్ ఆమె పక్కనే ఉండేవారు. ఉప్పు నీళ్లు పుక్కిలించడం చిన్నపిల్లకు నేర్పినట్టు నేర్పారు. నేను రోజూ మూత్రం మరిగించేవాడిని. ఇటుక రంగు నాలుగు రోజులు కదల్లేదు. ఐదో రోజు నారింజకు తిరిగింది. తర్వాత పసుపు. తర్వాత ఆకుపచ్చ. పన్నెండో రోజు పొద్దున గొట్టంలో మందు మరిగి మరిగి నీలంగానే నిలిచింది.

గొట్టం చల్లారకముందే రుమాలులో పట్టుకుని, పసుపు బండ్ల మధ్య నుంచి పరుగెత్తాను. పెద్ద డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూశారు. తర్వాత లేచి వెళ్లి, తన దవాఖానలోనే మంచం మీదున్న వేల్పూర్ ఆమె కాలి కట్టు విప్పారు. పుండు అంచుల్లో ఎర్రగా కొత్త కండ పడుతోంది.

చివరికి ఒక్క వేలే పోయింది. పాదం నిలిచింది.

గొట్టం నీలంగా నిలిచిన ఆ మధ్యాహ్నమే ఆయన రోడ్డు దాటి డాక్టరమ్మ గదికి వచ్చారు. అంతకుముందు ఎన్నడూ రాలేదు. "మేడం, ఇయ్యాల్టి నుంచి నా షుగర్ పేషెంట్ల నోళ్లు మీరు చూడాలె" అన్నారు.

"చూస్త సార్. ఆమె కాలును నా ఒక్కదాని గొప్ప అనకుండ్రి. మీ ఇన్సులిన్ లేకుంటే నేనేం చేస్తుంటి" అన్నారామె. ఆయన వెళ్లాక నా వైపు తిరిగి, "చాయ్ చెప్పు తమ్మీ, మార్కెట్ల తెలిసినోళ్లందరికీ చెప్పు" అని నవ్వారు. అంత ఉత్సాహంగా ఆమెను ఎప్పుడూ చూడలేదు. కాలు మానాక వేల్పూర్ ఆమె మార్కెట్ నిండా తిరిగి, "నా కాలు నిలవెట్టింది ఉమ్మి డాక్టరమ్మనే" అని చెప్పింది. ఆ పేరుతో వెక్కిరించడం అక్కడితో ఆగిపోయింది. పేరు మాత్రం ఉండిపోయింది.

తొంభైల్లో చిగుళ్ల జబ్బుకూ షుగర్‌కూ, గుండెకూ ఉన్న సంబంధం గురించి వైద్య పత్రికల్లో రాయడం ఎక్కువైంది. అలాంటి వ్యాసం ఒకటి పట్టుకుని పెద్ద డాక్టరే వచ్చి, ఆమెకు ఎదురుగా కూర్చుని గట్టిగా చదివి వినిపించారు.

"గిది మీరు ఎన్నడో చెప్పిండ్రు మేడం."

"ఇంకోపారి చదువుండ్రి సార్. నాకు సమజ్ గాక కాదు, వినబుద్ధయితుంది" అన్నారామె. ఆయన నవ్వుతూ మొదటి నుంచి చదివారు.

ఆ ఏడు చలికాలం పోయాక ఇద్దరూ కలిసి వేల్పూర్‌లో ఉచిత క్యాంపు పెట్టారు. పసుపు ఉడికించి ఆరబోసిన కళ్లం పక్కన బీడీలు చుట్టే ఆడవాళ్లు, కూలీలు, ముసలివాళ్లు బారుగా నేల మీద కూర్చున్నారు. కరెంటు లేదు. డాక్టరమ్మ అందరినీ తూర్పుకు తిరగమన్నారు. పొద్దుటి ఎండకు ఎదురుగా అంతమందీ ఒకేసారి నోళ్లు తెరిచారు. ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని ఒక్కొక్కరి గడ్డం పట్టి వెలుగులోకి ఎత్తుతున్నారు. పక్కనే పెద్ద డాక్టరు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆమె వేలు చూపించిన చోటల్లా వంగి చూస్తున్నారు.