కారణం ఎవరికీ తెలియని బావి

నాకు బస్సు పడదు. సూర్యాపేట నుంచి మిర్యాలగూడ దాకా వెళ్లాలన్నా చేతిలో సగం కోసిన నిమ్మకాయ ఉండాల్సిందే. కిటికీ పక్కన సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసి తర్వాతది ఎక్కుతాను. అలాంటి నేను మూడేళ్లపాటు తుర్క్‌మెనిస్తాన్ ఎడారిలో ఆరకుండా మండే గొయ్యి గురించి, బొలీవియాలో ఆకాశం కాళ్ల కింద కనిపించే ఉప్పునేల గురించి, ఆస్ట్రేలియాలోని గులాబీరంగు సరస్సు గురించి, మెక్సికోలో చెట్లకు పాత బొమ్మలు వేలాడే దీవి గురించి, నిన్ననే వెళ్లి చూసొచ్చినట్టు రాశాను. రాసినందుకు డబ్బులు కూడా తీసుకున్నాను.

అంతకుముందు ఒక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. బడి మూతపడ్డాక ఇంట్లో ఖాళీగా ఉంటే, కోదాడలో మొబైల్ షాపు నడుపుకునే ఒకతను ఫోన్ చేశాడు. అతని చెల్లెలు నా దగ్గర చదువుకుంది. ప్రపంచంలోని వింత ప్రదేశాల మీద యూట్యూబ్ ఛానల్ పెట్టాడట, వారానికి ఒక స్క్రిప్టు కావాలట. నేను సూర్యాపేటలో రాసి పంపేదాన్ని. మిర్యాలగూడలో రైసు మిల్లు సూపర్‌వైజరు ఒకాయన, మిల్లు ఆగిన రోజున గది నిండా బొంతలు వేలాడదీసుకుని, దాన్ని చదివి రికార్డు చేసేవాడు. ఆ గొంతులో రేషన్ బియ్యం సంగతి చెప్పినా ఒళ్లు జలదరిస్తుంది. కోదాడలో బొమ్మలు అతికేవారు. ముగ్గురిలో ఎవరమూ హైదరాబాదు దాటి పెద్దగా వెళ్లినవాళ్లం కాదు.

ఈ రాతకు కొన్ని పద్ధతులున్నాయి. మొదటి నిమిషంలోనే ఒక 'కానీ' రావాలి. మధ్యలో రెండుసార్లయినా 'స్థానికులు చెబుతారు' అనాలి. ఆ స్థానికులెవరో నాకు తెలియదు, వాళ్లను ఎవరూ అడగలేదు. ఇక చివరి వాక్యం ప్రతిసారీ ఒకటే: 'కారణం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.' ఈ వాక్యం నాదే. మొదటి స్క్రిప్టులోనే వాడాను. అది బాగా పండిందని ఛానల్ అతను దాన్ని అలాగే ఉంచమన్నాడు.

కొన్నింటికి కారణం తెలుసు. అమెరికాలో ఒక ఎండిన సరస్సు నేల మీద బండరాళ్లు వాటంతట అవే జరిగి, వెనక గీతలు పడుతుంటాయి. పలచని మంచుపొర రాత్రి కట్టి, పొద్దున విరిగి, గాలికి రాళ్లను నెడుతుందని శాస్త్రవేత్తలు కనిపెట్టారు. నేను చదివాను. చదివి పక్కన పెట్టి, 'కొందరు మంచు అంటారు' అని ఒక ముక్క వేసి, నా వాక్యంతో ముగించాను. అబద్ధం రాశానని అప్పుడు అనిపించలేదు. అంత దూరపు రాళ్లు వచ్చి నన్ను అడగవు కదా.

మూడో ఏడు, కార్తీకం వెళ్లాక, నాకు జ్వరం వచ్చింది. కోదాడ నుంచి ఫోన్.

"మేడం, ఒంట్లో బాలేదని తెలుసండి. కానీ రేపటికి స్క్రిప్టు లేకపోతే ఈ వారం ఖాళీ పోతది. చిన్నదైనా పర్లేదండి, ఏదో ఒకటి చూడండి."

మంచం మీద పడుకుని పుస్తకాలూ ఇంటర్నెట్టూ తిరగేసే ఓపిక లేదు. వెతకాల్సిన పని లేని చోటు ఒక్కటే గుర్తొచ్చింది. మా మేనత్త బావి.

అత్తది నిడమనూరు వైపు ఒక పల్లె. రెండెకరాల పొలం, దాని మూలన రాతిమెట్ల బావి. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే ఆ మెట్ల మీదే ఆడుకునేవాళ్లం. చినుకు లేకపోయినా, ఎండ మాడుస్తున్నా, ఒక్కోసారి ఆ బావి ఉన్నట్టుండి మూడు నాలుగు మెట్లు పైకి వస్తుంది. వచ్చేటప్పుడు గోడలోని ఒక బొక్కలోంచి గుడగుడమని చప్పుడు. ఇందులో వింతేమీ లేదు. రెండు పొలాల అవతల, తుమ్మచెట్ల గట్టు వెనక, సాగర్ ఎడమ కాలువ తాలూకు పిల్లకాలువ పోతుంది. దాంట్లో నీళ్లు వదిలిన మూడోనాటికి ఊట ఇటు దిగుతుంది. కాలువ కట్టేస్తే బావి కూడా మెల్లగా దిగిపోతుంది. ఆ ఊళ్లో చంటిపిల్లకైనా ఈ సంగతి తెలుసు. కాలువకు కొన్నాళ్లు నీళ్లిచ్చి కొన్నాళ్లు ఆపుతారు. ఆపిన రోజుల్లో బావిలో మిగిలిన నీటిని మోటరుతో తోడి నారుమడి తడుపుకుంటుంది అత్త. ఆమెకు ఆ బావి ఉన్నది అందుకే.

గంటలో రాసేశాను. మబ్బు లేదు, చినుకు లేదు, అయినా నడి ఎండలో నిండే బావి. పాతాళం నుంచి వినిపించే చప్పుడు. భయభక్తులతో చేతులు జోడించే స్థానికులు. కాలువ ఊసు ఎత్తలేదు. నా ఫోన్‌లో ఉన్న పాత ఫొటో ఒకటి పంపాను, అందులో మోటరూ పైపూ కనబడుతుంటే ఆ పక్కంతా కత్తిరించాను. ఇంత శ్రద్ధగా బొలీవియాకు కూడా చేయలేదు. చివర నా వాక్యం పెట్టి, మాత్ర వేసుకుని పడుకున్నాను.

పదిహేను రోజులకు అత్త ఫోన్ చేసింది.

"బిడ్డా, మన బాయి కాడికి కార్లేసుకొని వస్తుండ్రు. ఖమ్మం నుంచి గూడ వచ్చిండ్రు. ఏందో ఎర్కనా నీకు?"

"ఎరుకే అత్తా. నేనే రాసిన."

"ఏమని రాసినవ్?"

చెప్పాను.

"కాలువ సంగతి రాయలేదా?"

"లేదు."

"మర్సిపోయినవా?"

ఆమె నిజంగానే అడిగింది. వెటకారం ఆమెకు రాదు. నేను తప్పించుకోవడానికి ఒక దారి చూపిందంతే. ఆ దారినే పోయాను.

"ఆ, మర్సిపోయిన అత్తా."

"సరే. ఒకపాలి వచ్చి వీళ్లకు చెప్పి పో. మోటరు పెట్టనిస్తలేరు. కాలువ బందయ్యి వారం దాటింది. నారు ఎండుతది."

మర్నాడే బయల్దేరాను. మిర్యాలగూడలో బస్సు మారి, నిమ్మకాయ వాసన చూసుకుంటూ, ఊరు చేరేసరికి పన్నెండయింది. బావి మెట్లకు పసుపు రాసి కుంకుమ పెట్టారు. నీళ్ల మీద పూలు, కొబ్బరి పీచు, నిమ్మకాయలు తేలుతున్నాయి. చేతిలో ఉన్న నా నిమ్మకాయను సంచిలో పడేశాను. మోటరును తీసి గట్టు మీద పెట్టి, దాని మీద గోనెసంచి కప్పారు. నారుమడి అంచులు అప్పుడే తెల్లబడుతున్నాయి.

ఊళ్లో పెద్దమనిషి ఒకాయన అక్కడే ఉన్నాడు. వచ్చినవాళ్లకు చెప్పులు ఎక్కడ విడవాలో చెబుతున్నాడు. ఇది కాలువ నీళ్లేనని ఆయనకు చెప్పడం మొదలుపెట్టాను. ఆయన నవ్వాడు.

"కాలువ నీళ్లని మాకు ఎర్కలేదా అమ్మా? మేం గీడనే పుట్టినం. గని జర ఆలోచన చెయ్యి. కాలువల వచ్చేది ఎవరు? కృష్ణమ్మ గాదా? గంత దూరం నుంచి నడుసుకుంట వచ్చి ఒక్క గీ బాయిల్నే పైకొస్తుందంటె, మొక్కుడు తప్పెట్లయితది?"

పిల్లలకు నదులూ ప్రాజెక్టులూ ఇరవై ఏళ్లు చెప్పినదాన్ని, తలూపాను. ఆయన మాటలో నిజం ఉంది, భక్తి ఉంది, ఎండుతున్న నారుమడి ఒక్కటే లేదు.

"మొక్కుకోండి. మోటరు పెట్టుకోనియ్యండి" అన్నాను.

"వచ్చినోళ్లు దండం పెడ్తుంటె నడిమిట్ల మోటరు గుర్రుమంటె ఏం బాగుంటది? కొన్ని దినాలు ఆగుమను. అయినా గిదంత మీరు సదువుకున్నోళ్లు రాస్తిరి గదా, మమ్ముల అంటే ఎట్ల?"

ఆ మాట దగ్గర నాకు కోపం రావాల్సింది, రాలేదు. సిగ్గేసింది. అత్త నాకు అన్నం పెట్టింది. తిడితే బాగుండునని ఆ పూట చాలాసార్లు అనుకున్నాను.

ఛానల్ అతనికి అక్కడి నుంచే ఫోన్ చేశాను. మంచివాడే, వాదించలేదు.

"తప్పు జరిగిందండి. పాత వీడియో తీసేస్తాను. నిజం చెప్పి ఇంకోటి పెడదాం. కానీ మేడం, అది జనం చూస్తారని గ్యారంటీ లేదండి."

అత్తను గట్టు మీద కూర్చోబెట్టి నా ఫోన్‌తోనే తీశాను. వెనక మోటరు కనబడేలా ఈసారి జాగ్రత్త పడ్డాను. ఆమె కెమెరా వంక కాక నా వంక చూస్తూ చెప్పింది.

"కాలువ ఇడిస్తె నిండుతది. బందు పెడ్తె దిగుతది. గంతే. నా పెనిమిటి తవ్విండు, నేను తట్టలు మోసిన. గీ బాయిల దేవుడు లేడని అంటలేను. నీళ్లు మాత్రం కాలువయే. నారు ఎండుతుంది, మోటరు పెట్టనియ్యుండ్రి."

ఇరవై సెకన్లు కూడా లేదు. అలాగే పెట్టించాను. చూసినవాళ్లు తక్కువ. చూసినవాళ్లలో కొందరు కింద రాసిన మాటలు చదివాను. ముసలమ్మను బెదిరించి చెప్పిస్తున్నారని ఒకరు. నిజం బయటపడకుండా దాస్తున్నారని ఇంకొకరు. పాత వీడియో మాకు తెలియని ఫోన్లలో తిరుగుతూనే ఉంది. ఆ ఆదివారం బావి దగ్గరికి ముందుకంటే ఎక్కువమంది వచ్చారు.

పక్క పొలం వాళ్లు తమ బోరు నుంచి రెండు తడులు ఇచ్చారు. ఆ తర్వాత వాళ్ల నారు వాళ్లకు ముఖ్యం, తప్పు పట్టలేం. కాలువ మళ్లీ వదిలేసరికి అత్త మడిలో నారు గడ్డిలా అయిపోయింది. పట్టుకుంటే పొడి. కొత్తగా పోసుకునే అదను దాటింది. ఆ యాసంగి రెండెకరాలూ బీడుగా ఉన్నాయి. చుట్టూ పొలాలన్నీ పచ్చగా ఉండి, అదొక్కటే మాసిన గుడ్డలా కనబడేది. నేను రెండుసార్లు వెళ్లాను. మూడోసారి వెళ్లలేకపోయాను.

స్క్రిప్టులు మానేశానా అంటే, వెంటనే మానలేదు. ఇంకో నాలుగు రాశాను. కానీ చివరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. ఆ గులాబీ సరస్సు ఒడ్డున, మండే గొయ్యి పక్కన, మా అత్తలాంటిది ఎవరైనా ఉండే ఉంటుంది. అడిగితే చెప్పేది. ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నాలుగోదాని తర్వాత ఇక నావల్ల కాదని చెప్పేశాను. ఇప్పుడు పిల్లలకు ట్యూషన్ చెప్పుకుంటున్నాను.

ఎండాకాలం కాలువ పూర్తిగా కట్టేశారు. బావి అడుగుకు పోయింది. నిండని బావికి ఎవరు వస్తారు, జనం ఆగిపోయారు. పెద్దమనిషి కూడా చెప్పుల సంగతి మర్చిపోయాడు. అప్పుడు అత్త జేసీబీని పిలిపించి బావిని పూడ్పించింది. మూలన బోరు వేయించింది. నాకు పని అంతా అయ్యాకే చెప్పింది. ఎందుకలా చేశావు అత్తా అంటే, "మల్ల కాలువ ఇడుస్తరు. మల్ల వస్తరు" అంది. మళ్లీ తనే, "మేం తవ్వెటప్పుడు పదిహేను నెలలు పట్టింది బిడ్డా. పొద్దుగాల మొదలుపెడితె పగటి బువ్వకు పూడిపాయె" అంది. ఫోన్ పెట్టేశాక నేను ఏడ్చాను.

మొన్న వానాకాలం నాట్లప్పుడు వెళ్లాను. పొలం మళ్లీ పచ్చగా ఉంది. బావి ఉన్నచోట కంది పెట్టింది. అత్త నా ముందు తన ఫోన్ పెట్టింది. ఎవరో పంపిన వీడియో, మా ఛానల్ కాదు, గొంతు కూడా వేరు. ఒక్క రోజులో మాయమైన మహిమగల బావి గురించి. నేను కత్తిరించిన ఫొటోయే వాడారు. నిండుగా నీళ్లున్న బావి, ఆ తర్వాత ఖాళీ నేల. బావి కోపగించి భూమిలోకి వెళ్లిపోయిందని స్థానికులు చెబుతున్నారట. చివరి వాక్యం వస్తుందని నాకు ముందే తెలుసు. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. కారణం ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

అత్త ఫోన్ ఆపి, కళ్లద్దాలు తీసి, నన్ను చూసింది.

"వీళ్లు గూడ మర్సిపోయిండ్రా బిడ్డా?"

"మర్చిపోలేదు అత్తా" అన్నాను. "నేను గూడ అప్పుడు మర్చిపోలేదు."

"ఎర్కనే" అంది అత్త. కరెంటు వచ్చినట్టుంది, బోరు మోటరు వేయడానికి లేచి వెళ్లింది.