సగం సీనులో ఇరుక్కున్న చీర

టీవీ సీరియళ్లు జోరందుకున్న తొంభైల్లో, ఫిల్మ్ నగర్‌లో చీరలు అద్దెకిచ్చే వ్యాపారం పెడదామనుకున్నాను. సీరియల్లో ఆడవాళ్లకు పూటకో పట్టుచీర కావాలి. మా బోరబండ బీరువాల్లో ఏడాదికొకసారి బయటికొచ్చే చీరలు బోలెడు. వాడలో అందర్నీ అడిగే ముందు ఒక్క చీరతో పరీక్షించి చూద్దామనుకుని, నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ ఒక్క చీర మా అక్క పెళ్లిపట్టు.

అక్కకున్న మంచి చీర అదొక్కటే. పదిహేను రోజుల్లో ఆమె మరిది పెళ్లి. "మూడు రోజులల్ల తెచ్చిస్తా, ఫికర్ చెయ్యకు" అని పట్టుకెళ్లాను.

సీరియల్ మేనేజర్ మడత విప్పి చూసి, "అబ్బ, ఏం చీరమ్మా! ఇలాంటివి ఎన్నైనా తీసుకురండి" అన్నాడు. నా వ్యాపారం నిలబడిపోయిందనుకుంటూ ఇంటికొచ్చాను.

మూడో రోజు వెళ్తే ఇవ్వలేదు. వారానికి వెళ్లినా ఇవ్వలేదు.

"కంటిన్యూటీ అమ్మా" అన్నాడు. "హీరోయిన్ ఆ చీరలో సగం ఏడ్చింది. మిగతా సగం కూడా అందులోనే ఏడవాలి. మామగారి వేషం వేసే ఆయన సినిమా షూటింగుకి ఊటీ వెళ్లాడు. ఆయనొచ్చి ఆ సీను పూర్తయ్యేదాకా చీర బయటికి పోకూడదు."

"ఎప్పుడొస్తడాయన?"

"నెల పట్టొచ్చండీ."

నాకు ఒళ్లు మండిపోయింది. "మరి పెండ్లికి మా అక్క ఏం కట్టుకోవాలె? మీ కంటిన్యూటీ కట్టుకోవాల్నా?" అని అరిచాను. అతను నవ్వి నాకు టీ చెప్పాడు. టీ తాగకుండా వచ్చేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

మరిది పెళ్లికి అక్క నూలుచీరలో వెళ్లింది. అందరి ముందూ అత్తగారు అడిగింది: "పట్టుచీర ఏమాయె?"

"పాలిష్‌కిచ్చిన" అంది అక్క, నా వైపు చూడకుండా.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాత్రం ఒక్కటే అడిగింది. "చీర మంచిగున్నదన్నరని సంబురపడ్డవు. ఎన్ని రోజులు ఉంచుకుంటరో అడిగినవా?"

అడగలేదు. పొగడ్త చెవిన పడగానే అడగాల్సినవన్నీ మరిచిపోయిన మొద్దును నేను. మేనేజర్ మీద కోపం ఒక ఎత్తు, నా మీద నాకున్న కోపం ఒక ఎత్తు.

రెండు నెలలకు చీర వచ్చింది, కొంగు నిండా మేకప్ మరకలతో. ఎంత చేసినా ఆ మరకలు పోలేదు. నా వ్యాపారం అక్కడితో సరి. అక్క నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఆ చీర గురించి ఎవరడిగినా నేటికీ "పాలిష్‌కిచ్చిన" అనే చెబుతుంది.