సుమ్మాన్ బిలం మీద పాతిక నిమిషాలు

2004 మే నెలాఖరున దమ్మామ్‌లో దిగాను. లేబర్ క్యాంపులో రెండు రోజులు కూర్చోబెట్టారు. మూడో రోజు తెల్లవారుజామున ఐదింటికి పికప్ ఎక్కించి పడమటికి తోలారు. నాలుగు గంటల ప్రయాణం. తారురోడ్డు మూడు గంటలకే అయిపోయింది. తర్వాత బల్లపరుపు సున్నపురాయి నేల. చెట్టు లేదు, గుట్ట లేదు. దాన్ని సుమ్మాన్ అంటారు.

అంతకుముందు పదిహేడేళ్లు సైన్యంలో ఇంజనీర్ల దళంలో చేశాను. హవల్దారుగా పింఛను తీసుకున్నాను. ఇక్కడ యూనిఫాం లేదు, రైఫిల్ లేదు. ఒక ఈల, ఒక వాకీటాకీ, నలభై మీటర్ల తాడు, ఒక మందుల పెట్టె. ఉద్యోగం పేరు సేఫ్టీ. ఒక సర్వే జట్టుకు కాపలా. మూడు రేకుల గదులు, ఒక డేరా. మనిషికి రోజుకు ఆరు లీటర్ల నీళ్లు. మధ్యాహ్నం నీడలో నలభై ఆరు డిగ్రీలు. ఎండలో ఎంతో కొలవలేదు. కొలిచే పరికరాన్ని ఎండలో పెట్టవద్దని దాని మీదే రాసి ఉంది.

గల్ఫ్ నుంచి వచ్చానంటే మీరు అడిగేవి రెండే. బంగారం ఎంత తెచ్చావు, షాపింగ్ మాల్ ఎంత పెద్దది. ఆ దేశంలో చూడవలసినవి ఏమున్నాయని ఒక్కరూ అడగలేదు. ఉన్నాయి. సుమ్మాన్‌కు పడమటి అంచున దహ్నా ఇసుక మొదలవుతుంది. కాల్చిన ఇటుక రంగు. ఉత్తరం నుంచి దక్షిణానికి నదిలా సాగే ఇసుక. ఖర్జూరాల కోసం ఉనైజా వైపు వెళ్లినప్పుడు పాత హజ్ దారి మీద ఒక రాతి చెరువు చూశాను. సగం ఇసుకతో పూడింది. నీళ్లు చెరువులోకి చేరకముందే బురద ఆగడానికి పక్కన ఇంకో చిన్న తొట్టి కట్టారు. వెయ్యేళ్ల కిందట ఎవరో తల వాడారు. పోయేవాడికి దాహం వేస్తుందని తెలిసి వాడారు. అక్కడ ఒక బోర్డు లేదు, చూసేవాడు లేడు.

అన్నిటికంటే వింత సుమ్మాన్ బిలాలు. స్థానికులు దహల్ అంటారు. నేల మీద బావి నోరంత కంత. కింద వానలు తొలిచిన సున్నపురాయి గుహలు. కొన్నిటిలో నీళ్లు, కొన్నిటిలో గోడల నిండా గాజుపువ్వుల్లాంటి స్ఫటికాలు. అవి ఊపిరి తీస్తాయి. పైన గాలి ఒత్తిడి తగ్గితే లోపలి చల్లగాలి బయటికి తంతుంది, పెరిగితే బయటి గాలి లోపలికి పోతుంది. కొన్నిచోట్ల మూలుగు వినిపిస్తుంది. భౌతికశాస్త్రం. పదో తరగతి పాఠం.

మా జట్టు పని ఆ కంతలను వెతకడం. భారీ లారీలు వెళ్లే దారి వేయబోతున్నారు. కంత కనిపిస్తే చుట్టూ ఎర్రజెండాలు పాతాలి. జట్టులో ఐదుగురం. ఇంజనీరు గుంటూరు వైపు మనిషి, పెద్ద చదువు. క్యాంపులో కూర్చుని పటాలు గీసేవాడు. డ్రైవరు పెషావర్ వాడు. దారి చూపడానికి ఎడారి బద్దూ తెగకు చెందిన ఒక ముసలాయన, అరవై దాటాయి. ఐదోవాడు కొలత గొలుసు పట్టే చైన్‌మాన్. జగిత్యాల దగ్గరివాడు. నలభై ఏళ్లుంటాయి. ఇంటి దగ్గర ఉన్నప్పుడు బావులు తవ్వేవాడు.

మొదటి బిలం దగ్గర ముసలాయన జిన్నులుంటాయని చెప్పాడు. డ్రైవరు పికప్ దిగలేదు. చైన్‌మాన్ మాత్రం బోర్లా పడుకుని తల లోపలికి పెట్టాడు.

"అన్నా, గిది బాయి లెక్కనే ఉన్నది."

"మూలుగుతోంది కదా, భయం లేదా?"

"మా కాడ బాయిలు గూడ మూల్గుతయి. దీపం కట్టి దించాలె. మలిగితే దిగద్దు. మలగకుంటె దిగాలె. గింతే. మంత్రం లేదు, తంత్రం లేదు."

నాకు ప్రాణం లేచివచ్చింది. సైన్యంలో చేరకముందు మా ఊళ్లో హేతువాద సభల్లో మాట్లాడేవాణ్ని. బాబాల ఎదుట, జ్యోతిష్కుల ఎదుట వేదికెక్కి వాదించాను. ఎప్పుడూ ఓడలేదు. నేను పుస్తకాల్లో నేర్చుకున్నది ఈ మనిషి బావుల్లో నేర్చుకున్నాడు. సాయంత్రాలు టీ దగ్గర వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇంజనీరును ఏడిపించేవాణ్ని. ఇంజనీరు గదిలో గోడకు విజయవాడలో అచ్చయిన క్యాలెండరు ఉండేది. అందులో రాహుకాలం చూడనిదే కొత్త బిలానికి నంబరు కూడా వేసేవాడు కాదు.

"హవల్దార్ గారూ, మీకు నమ్మకం లేకపోతే మానేయండి. నవ్వకండి," అనేవాడు.

"నవ్వుతే రాహువుకు కోపమొస్తదా సార్?" అని చైన్‌మాన్ అడిగేవాడు. ముసలాయనకు భాష అర్థం కాకపోయినా మాతోపాటు నవ్వేవాడు.

జూన్ నడిమధ్యన సూర్యుడు అక్కడ నెత్తి మీదికి వస్తాడు. పన్నెండుకు అటూ ఇటూగా అరగంట మాత్రం వెలుగు బిలం అడుగుకు నిటారుగా పడుతుంది. మిగతా రోజంతా అడుగు చీకటి. ఇది ముసలాయనే చూపించాడు. "ఈ అరగంటే దహల్ కళ్లు తెరుస్తుంది," అన్నాడు. డ్రైవరు తర్జుమా చేశాడు.

ఆ రోజు బుధవారం. క్యాంపుకు పద్దెనిమిది కిలోమీటర్ల దూరం. ముసలాయన నీళ్ల ట్యాంకరును తీసుకురావడానికి వెళ్లాడు. డ్రైవరు, చైన్‌మాన్, నేను ఉన్నాం. పదకొండు ఇరవైకి చైన్‌మాన్ నాలుగో జెండా పాతుతున్నాడు. సుత్తి దెబ్బకు అంచు పెచ్చులా విరిగింది. వాడు జెండా, సుత్తితో సహా లోపలికి పోయాడు.

పద్నాలుగు మీటర్ల లోతు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి బతికాడు.

"అన్నా! కాలు ఇరిగింది. తొడకాడ రాయి గుచ్చింది. నెత్తురు ఆగుతలేదు."

కట్టుగుడ్డ, నీళ్ల సీసా విసిరాను. గుడ్డ గాయం మీద పెట్టి గట్టిగా అదమమన్నాను. మాట స్పష్టంగా వస్తోంది, అంటే లోపల గాలి బాగుంది. పదకొండు ఇరవై ఐదుకు రేడియోలో ఇంజనీరుకు చెప్పాను. ప్రమాదాల్లో కాపాడే సివిల్ డిఫెన్స్‌కు ఫోన్ చేస్తున్నానన్నాడు. వాళ్లు రావడానికి మూడు గంటలు. విరగని గట్టి అంచు వెతికి పికప్‌ను అటు తిప్పించడానికే పావుగంట పట్టింది. పికప్ కొక్కేనికి తాడు కట్టాను. ముడులు చూసుకున్నాను. నడుముకు కట్టుకున్నాను. పదకొండు యాభై. అప్పటికి ఎండ అడుగుకు దిగింది. చాటంత వెలుగు, ఆ వెలుగు నడుమ వాడి తొడ, దాని మీద గుడ్డను అదిమిపట్టిన చెయ్యి.

"దిగుతున్నాను సార్," అని రేడియోలో చెప్పాను.

"ఆగండి. మీరు దిగొద్దు."

"ఎందుకు?"

"ప్రొసీజర్ ఉంది కదండీ. ట్రెయిన్డ్ టీమ్ రావాలి."

"నేను ట్రెయిన్డే. పదిహేడేళ్లు."

కాసేపు గరగర. తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు. "ఇవాళ బుధవారం హవల్దార్ గారూ. పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా మంచిది కాదు. మీకూ ఏమైనా అయితే రెండు ప్రాణాలు పోతాయి. ఒకటిన్నర కాగానే నేనే బయల్దేరి వస్తాను. ఇది నా ఆర్డర్."

చదవండి ఆ మాటను. మళ్లీ చదవండి. భూమి ఎన్ని అంగుళాలు వంగిందో కొలిచే పరికరం టేబుల్ మీద పెట్టుకున్నవాడు అన్న మాట అది. నెత్తురు కారుతున్న మనిషికి గంటన్నర ఆగమని ఆకాశంలో లేని పాము చేత చెప్పించాడు. డిగ్రీలు గోడకు కొట్టుకునే మేకులైనాయి, క్యాలెండరు తగిలించుకోవడానికి.

నాకు ఒళ్లు మండింది. అక్కడే తప్పు చేశాను.

"సార్, మీ క్యాలెండర్ ఎక్కడ అచ్చయింది?"

"విజయవాడ. ఎందుకు?"

"అక్కడ ఇప్పుడు రెండు ఇరవై. మీ రాహువు ఎప్పుడో భోంచేసి పడుకున్నాడు."

"అలా కాదండీ. ఏ ఊరి సూర్యుడు ఆ ఊరికే. లోకల్ టైమే చూడాలి."

"లోకల్ అయితే ఇక్కడ ఐదుకు ముందే పొద్దు పొడిచింది. మీ లెక్క ఆరింటి నుంచి కట్టింది. మరి పన్నెండు ఎలా వచ్చింది?"

"పెద్దలు ఊరికే పెట్టరు కదా!"

"పెద్దలకు సుమ్మాన్ తెలుసా?"

డ్రైవరు వచ్చి భుజం పట్టుకుని కుదిపాడు. "ఉస్తాద్, బహస్ బాద్ మే. ఆద్మీ నీచే హై." వాదన తర్వాత, మనిషి కింద ఉన్నాడు. చేత్తో విదిలించాను. మోకాళ్ల మీద కూర్చుని రాహుకాలం లెక్క ప్రకారం పుల్లతో ఇసుకలో పగటిని ఎనిమిది భాగాలు చేశాను. రేడియోలో అంకెలు చదివాను. ఒక్కొక్కటీ ఒప్పించాను. తాడు నా నడుముకే ఉంది. ముడి నా పొట్టకు ఒత్తుకుంటూనే ఉంది. కింది నుంచి రెండుసార్లు "అన్నా" అని వినిపించింది. "వస్తున్నా, గట్టిగా పట్టుకో," అన్నాను. మళ్లీ రేడియో నొక్కాను.

ఎందుకు దిగలేదు? ఆర్డర్ అనా? సైన్యం అలవాటనా? ఇన్నేళ్లు నాకు నేను అదే చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మూర్ఖుడు ఒప్పుకునేదాకా దిగబుద్ధి కాలేదు. అదీ నిజం.

చివరికి ఇంజనీరు అన్నాడు: "సరేనండీ. మీ వాదనకు నా దగ్గర జవాబు లేదు. మీ ఇష్టం."

గెలిచాను. గడియారం చూశాను. పన్నెండు పదిహేను.

అప్పుడే ట్యాంకరు ఆగింది. ముసలాయన దూకి వచ్చాడు. విరిగిన అంచును చూశాడు. నా నడుము తాడును చూశాడు. "హయ్?" అన్నాడు. బతికున్నాడా అని. తల ఊపాను. ఆయన అక్కడే చెప్పులు విడిచాడు. ట్యాంకరు తాడు బంపరుకు కట్టి, అల్లా పేరు తలచుకుని, ఉత్త చేతులతో జారుతూ దిగిపోయాడు. నేను ఆయన వెనక దిగాను. వెనక.

చైన్‌మాన్ పలకలేదు. గుడ్డ పక్కకు జారి ఉంది. ముసలాయన తన తలగుడ్డ విప్పి తొడ బిగించి కట్టాడు. నా తాడు వాడి చంకల కింద వేశాం. పికప్ వెనక్కి నడిచింది. పన్నెండు నలభై ఐదుకు పైకి తెచ్చాం. ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఒంటిగంట పదికి, తారురోడ్డు ఇంకా కనబడకముందే, నా ఒళ్లో పోయాడు. అదే చోట బండి ఆపి రేడియోలో చెప్పాం.

ఇంజనీరు మాట తప్పలేదు. రెండింటికి వచ్చాడు. ఏడ్చాడు కూడా. తర్వాత అన్నాడు: "వాడు పడిందే చెడు ఘడియలో."

పదకొండు ఇరవైకి పడ్డాడు. విజయవాడ లెక్కలోనూ అది రాహుకాలం కాదు, సుమ్మాన్ లెక్కలోనూ కాదు. ఈసారి ఆ మాట నోట రాలేదు. ముసలాయనను డ్రైవరు చేత అడిగించాను, జిన్నులంటే భయం వేయలేదా అని. "జిన్నులున్నాయి," అన్నాడు ఆయన. "మనిషి కూడా ఉన్నాడు కదా."

జిన్నులు లేవు. అప్పుడూ లేవన్నాను, ఇప్పుడూ లేవంటాను. కానీ లేనిదాన్ని నమ్మినవాడు దిగాడు. లేదని రుజువు చేసినవాడు పైన కూర్చున్నాడు.

సెప్టెంబరులో ఉద్యోగం వదిలి, పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని వచ్చేశాను. జగిత్యాల వెళ్లి వాడి భార్యకు అంతా చెప్పాను, పాతిక నిమిషాలతో సహా. "తాడు నీ నడుముకే ఉన్నదా అన్నా?" అని ఒక్కటే అడిగింది. ఉందన్నాను. లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు.

ఆ ఏడాది చివర మా హేతువాద సంఘం వాళ్లు వేదిక ఎక్కించారు. మూఢనమ్మకం మనిషిని ఎలా చంపుతుందో చెప్పమన్నారు. చెప్పాను. "మీ రాహువు ఎప్పుడో భోంచేసి పడుకున్నాడు" అన్నచోట సభంతా నవ్వింది. చప్పట్లు కొట్టారు. అవును, మీరే కొట్టారు. అక్కడికే ఆపి వేదిక దిగాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ బిలం అడుగున వెలుగు నిమిషానికి నాలుగు వేళ్ల చొప్పున జరుగుతుంది. నేను రేడియో దించి బిలంలోకి తొంగిచూసినప్పుడు చాటంత వెలుగు అలాగే ఉంది. అందులో ఖాళీ ఇసుక ఉంది. దాని అంచున, ఇంకా చీకట్లోకి పోని వాడి రెండు వేళ్లు.