గట్టు మీదికి నేను పోలేదు

కొరియాలో మా భారత పటాలాన్ని నేల మీద నడవనివ్వలేదు. దక్షిణ కొరియా ప్రభుత్వానికి మేమంటే గిట్టదు. ఓడలోంచి హెలికాప్టర్లలో ఎక్కించి, రెండు సైన్యాల మధ్యనున్న ఖాళీ భూమిలో దించారు. 1953 సెప్టెంబరు. యుద్ధం అప్పటికే ఆగింది. సొంత దేశానికి వెళ్లేది లేదని మొండికేసిన ఖైదీలకు కాపలా మా పని. గుడారాలు, ముళ్లకంచె, చేతిలో లాఠీ, భుజాన తుపాకి. నవంబరుకు సీసాలో నీళ్లు గడ్డకట్టాయి.

ఒక మధ్యాహ్నం కంచె లోపలినుంచి రాళ్లు పడ్డాయి. మా వైర్‌లెస్ ఆపరేటరుది అనంతపురం. అతని నుదురు పగిలింది. రక్తం తుడుచుకుంటూనే సెట్టులో పైవాళ్లను ఆర్డరు అడిగాడు. "నిలబడండి. కాల్చొద్దు," అంది సెట్టు.

"అన్నా, నీ తల పగిలింది. ఇంగా ఊరకుండల్లనా?" అన్నాను.

"మనం కాలిస్తే మళ్లీ యుద్ధం మొదలైతాది. ఇంగ మనం ఇంటికి పోయినట్టే!" అన్నాడు.

నిలబడ్డాం. వాళ్ల చేతులే అలిసిపోయాయి. సాయంత్రం అవే చేతులు అన్నానికి గిన్నెలు చాపాయి. ఇదంతా మామకు జాబు రాశాను. మా అమ్మ తమ్ముడు. ఆయన కూతురిని నాకే ఇస్తానని మాట.

మార్చిలో ఆదోని స్టేషన్లో దిగాను. పోయినప్పుడు మాది బళ్ళారి జిల్లా, వచ్చేసరికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు అయింది. నన్నెవరూ అడగలేదు. మామ బండి కట్టుకొని వచ్చాడు. ప్రేమ అనుకున్నాను. ఎమ్మిగనూరు దారిలో అసలు సంగతి చెప్పాడు.

"అల్లుడా, పక్క సేనోళ్లు గట్టు జరిపినారు. రేపు తేల్చుకుంటాం. నువ్వు పటాలమోడివి, ముందర నిలబడల్ల."

"కొలిపిద్దాం మామా. కొట్లాటకు నేను రాను."

ఆయన ఎద్దులను ఆపాడు. నా ట్రంకుపెట్టె దించి రోడ్డు మీద పెట్టాడు.

"రాళ్లు తిని ఊరకొచ్చినానని నువ్వే రాసినావు గదప్పా. దెబ్బకు దెబ్బ తెలీనోనికి నా బిడ్డనియ్యను."

నమ్మి రాసిన మాటతోనే నన్ను కొట్టాడు. పెట్టె నెత్తిన పెట్టుకొని నడిచాను.

మర్నాడు గట్టు మీద అవతలివాడొకడు చనిపోయాడు. మామ పెద్దకొడుకు కుడిచెయ్యి పోయింది. ఆ వేసవిలోనే ఆ పిల్లను వేరొకరికి ఇచ్చారు. "వాడొచ్చింటే నా కొడుకు చెయ్యి ఉండేది," అని మామ ఇప్పటికీ ఊరంతా చెబుతాడు. తప్పయిందని ఒక్కనాడూ అనలేదు. నేనూ ఆ గడప తొక్కలేదు.

ఆ చేను మాత్రం, కొట్లాటైన వారానికి, ఒకసారి చూసివచ్చాను. పోలీసు కాపలా ఉంది. రెండువైపులా పత్తి ఏరే మనిషి లేడు. పగిలిన కాయల్లోంచి దూది గాలికి జారి, తెల్లగా పరుచుకొని ఉంది. గట్టు ఎక్కడుందో కనబడలేదు.