వాడు జ్వరంతో పోలేదు

నా నవలలో ఆ కుర్రాడు జ్వరంతో చనిపోతాడు. ఒళ్లు కాలిపోతున్నా తల్లి వాణ్ని లేపి మగ్గం పనికి పంపుతుంది. చివరికి ఆసుపత్రి మంచం మీద స్నేహితుడి చెయ్యి పట్టుకుని, మూడు పేజీలు మాట్లాడి కన్నుమూస్తాడు. ఆ పేజీల దగ్గర ఏడ్చామని హైస్కూలు పిల్లలు నాకు రాశారు. ఆ తల్లిని తిట్టుకున్నామని కూడా రాశారు.

ఆ కుర్రాడు నా స్నేహితుడు. వాడికి జ్వరం రాలేదు. చనిపోయిన రోజు వాడి ఎడమ కన్ను వాచి, మూసుకుపోయి ఉంది. దాని మీద గుద్దింది నేను. ఈ మాట ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. పుస్తకంలోనూ రాయలేదు. దాని బదులు నేరం తల్లి మీద పెట్టాను. ఆ తల్లి బతికే ఉంది.

మేం షోలాపూర్ దాజీ పేట్‌లో ఒకే గల్లీ వాళ్లం. తాతల కాలంలో తెలంగాణ నుంచి నేత పనికి వచ్చిన కుటుంబాలు. మేం పెద్దయ్యేసరికి గల్లీలో చేతిమగ్గాలు తగ్గి, పవర్‌లూమ్ షెడ్లు నిండిపోయాయి. అక్కడ పిల్లలకు ఏం నేర్పినా కొట్టి నేర్పేవాళ్లు. నాన్న బెల్టుతో, బడిలో పంతులు డస్టర్ చెక్కతో కొట్టేవారు. తాలీంలో కర్రసాము నేర్పే ఉస్తాద్ అడుగు తప్పిన మోకాలి మీదే కర్ర వేసేవాడు. ఇక మేమిద్దరం ఒకరినొకరం కొట్టుకున్నంతగా వేరెవరినీ కొట్టలేదు. ఒకసారి వాడు నా తలను గోడకేసి బాదాడు, తర్వాత వాడే రక్తం కడిగి పసుపు అద్దాడు. అది స్నేహం కాదని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వేవాళ్లం.

పదో తరగతి తర్వాత ఇద్దరం ఒకే షెడ్డులో పనికి చేరాం. నాకు అప్పటికే కథల పిచ్చి. నేను రాసిన ఒక కథలో ఇద్దరు స్నేహితులు. ఒకడు చనిపోతూ రెండోవాడికి వీడ్కోలు చెబుతాడు. నువ్వొక్కడివే చదవాలని చెప్పి ఆ కాగితాలు వాడికిచ్చాను. వాడు వాటిని కొంతం చౌక్ దగ్గరి చాయ్ హోటల్‌కు తెచ్చి, బల్లెక్కి నిలబడి, తాలీం కుర్రాళ్లందరికీ చదివి వినిపించడం మొదలుపెట్టాడు.

"సూడుండ్రి రే! వీనికి గుండె ఆగిందంట, ఇంకా భాషణ్ ఇస్తనే ఉన్నడు. సచ్చేటోడు ఇంతగనం మాట్లాడ్తడారా? ఎలక్షన్ల నిలవడ్డడా ఏంది?"

వెనక నుంచి ఎవడో అరిచాడు. "ఓ సేఠ్, సచ్చేటోనికి గొంతెండింది, ఒక చాయ్ పంపు!"

"చక్కెర తక్కువెయ్యి, షుగర్ బీమారేమో!" అని ఇంకొకడు.

హోటలంతా నవ్వింది. వాడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని, గొంతు వణికిస్తూ తర్వాతి వాక్యం అందుకున్నాడు. నేను కాలు పట్టుకుని బల్ల మీంచి కిందికి లాగాను. దబ్బున పడ్డాడు. పడి కూడా నవ్వుతూనే, చెదిరిన కాగితాలు ఏరడానికి వంగాడు. వాడి చూపు నేల మీద ఉండగా గుద్దాను. పిడికిలికి ఎముక తగిలింది.

నిన్ను చూడని వాడి మీద చెయ్యెత్తొద్దు అన్నది తాలీంలో మాకు నేర్పిన మొదటి మాట. దాన్ని నేను మరిచిపోలేదు. తెలిసే కొట్టాను.

తర్వాత వాడు లేచి నా పెదవి చీల్చాడు. మురుగు మోరీ అంచున దొర్లాం, ఒకరి జుట్టు ఒకరం పట్టుకున్నాం. సేఠ్ ఎంగిలి కప్పులు కడిగిన నీళ్లు కుమ్మరించి మమ్మల్ని విడదీశాడు. ఇంటికి నడుస్తూ వాడు కన్ను నొక్కుకుని, తల్లికి ఏం చెప్పాలో ఖాయం చేశాడు.

"మా అవ్వ అడిగితే తాలీంల కర్ర తగిలిందని చెప్త. నీ పేరు చెప్తే నిన్ను గడప తొక్కనియ్యది. నీ మూతి సంగతి నువ్వే సూస్కో."

తెల్లారేసరికి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఈరోజు ఇంట్లోనే ఉంటానన్నాడట. "ఒక్క కన్నుతోని నేస్తలేరా జనం? ఇంట్ల కూసుంటే మగ్గం ఇంకొకనికిస్తరు" అని తల్లి పంపింది. ఈ సంగతి తర్వాత ఆమే గుండెలు బాదుకుంటూ అందరికీ చెప్పుకుంది.

మాది చద్దర్లు నేసే షెడ్డు. మగ్గాలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు కాబట్టి మాటలన్నీ చేతులతోనే. మగ్గంలో పోగును ఈ కొస నుంచి ఆ కొసకు మోసే నాడె బరువైన కొయ్య, రెండు చివరలా ఇనుప మొనలు. ఒక్కోసారి అది దారి తప్పి పక్క మగ్గం వైపు ఎగిరిపోతుంది. ఒకసారి ఎగిరిన నాడె మళ్లీ ఎగురుతుందని అందరికీ తెలుసు. అయినా పని ఆపి బాగు చేయించేవాళ్లు తక్కువ. ఆ మగ్గం నడిపేవాడు చెయ్యి పైకెత్తుతాడు, చూసిన ప్రతివాడూ ఎత్తుతాడు, అంతే. తెగిన పోగు ముడి వేయడానికి వంగేముందు అటూ ఇటూ ఓరగా చూసుకోవాలి. ఎత్తిన చేతులు లేకపోతేనే వంగాలి. ముడి కోసం మగ్గం ఆపకూడదు. ఆపితే చద్దరు మీద అడ్డంగా చార పడుతుంది, ఆ మాల్ ఎవరూ తీసుకోరు.

నా మగ్గం వాడికి ఎడమ వైపు, ఒక మగ్గం అవతల. ఆ పొద్దున వాడు నన్ను చూడగానే ఛాతీ మీద చెయ్యి వేసుకుని, నోరు తెరుస్తూ మూస్తూ, చచ్చేవాడి ఉపన్యాసం అభినయించాడు. చిరిగిన పెదవితో నవ్వలేక నవ్వాను. రాజీ అయిపోయింది.

మధ్యాహ్నం లోపు మా ఇద్దరి మధ్య ఉన్న మగ్గంలో నాడె ఒకసారి ఎగిరి నేల మీద పడింది. దాన్ని నడిపేవాడు చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. సరిగ్గా అప్పుడే నా స్నేహితుడి మగ్గంలో పోగు తెగింది. వాడు అలవాటుగా కుడికి చూశాడు, మూసుకుపోయిన కన్నుతో ఎడమకూ చూశాననుకున్నాడు. వంగాడు. నేను రెండు చేతులూ ఊపాను, అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు.

మళ్లీ ఎగిరిన నాడె వాడి ఎడమ కణతలో దిగింది. వాడు మగ్గం మీదికి ఒరిగిపోయాడు. మగ్గం ఆగలేదు. పోగును నెట్టే బరువైన దిమ్మ ముందుకూ వెనక్కూ కదులుతూ వాడి భుజాన్ని కొడుతూనే ఉంది, ప్రతి దెబ్బకూ తల ఎగిరి పడుతోంది. నేను పరిగెత్తి వెళ్లి మగ్గాన్ని నడిపే బెల్టు తప్పించేసరికి భుజం ఎముక చొక్కాలోంచి బయటికి వచ్చింది. చెవిలోంచి రక్తం చద్దరు మీద పారింది. షెడ్డు మాలిక్ వచ్చి, ముందు వాడి కింది నుంచి చద్దరు లాగమన్నాడు. మాలిక్ గొంతు పట్టుకున్నాను. నలుగురు కలిసి నన్ను విడిపించారు. రిక్షాలో నా స్నేహితుడి తల నా ఒడిలోనే ఉంది. వాడు ఒక్క మాట కూడా అనలేదు. ఆసుపత్రికి వెళ్లకముందే అంతా అయిపోయింది.

దినం రోజు భోజనాల దగ్గర వాడి నాన్న కల్లు తాగి వచ్చాడు. "నువ్వే పంపినవ్, గుడ్డి కన్నుతోని నువ్వే పంపినవ్" అంటూ వాడి తల్లిని జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. చెప్పుతో కొట్టాడు, కిందపడితే పొట్టలో తన్నాడు. ఆమె అడ్డుకోలేదు. "నేనే పంపిన, కొట్టు" అంది. బంధువులు కాసేపు చూసి, తర్వాత పట్టుకున్నారు. విస్తరి పట్టుకుని నేనూ చూస్తూ నిలబడ్డాను. కన్ను మీద కొట్టింది నేనని ఒక్క మాట అంటే ఆ చెప్పు నా మీదికి తిరిగేది. అందుకే అనలేదు.

చాలా ఏళ్ల తర్వాత పిల్లల కోసం నవల రాసినప్పుడు అంతా మార్చేశాను. నాడె రాస్తే కన్ను రాయాలి. కన్ను రాస్తే నన్ను రాయాలి. జ్వరమైతే శుభ్రంగా ఉంటుంది, స్నేహితుడు మంచివాడిగా మిగలడానికి సమయమూ ఇస్తుంది. ఎవరి తప్పూ లేకుండా మనిషి చనిపోతే ఆ వయసు పాఠకులు ఒప్పుకోరు, ఎవరో ఒకరు కారణం కావాలి. తల్లి నా చేతికి దగ్గరగా దొరికింది. ఒక బడిలో ఒక అమ్మాయి లేచి, "సార్, ఆ తల్లికి శిక్ష ఎందుకు వేయలేదు?" అని అడిగింది. "బతికి ఉండటమే ఆమెకు శిక్ష" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి కూడా.

నవల మరాఠీలోకి వెళ్లింది. షోలాపూర్‌లో ఒక బడి పిల్ల దాన్ని ఇంటికి తెచ్చి, బీడీలు చుట్టే అమ్మమ్మకు, తమ గల్లీ ఆడవాళ్లకు చదివి వినిపించింది. ఆ పిల్ల నా స్నేహితుడి చెల్లెలి కూతురు, అది తన మేనమామ కథేనని అందరికీ చెప్పింది. "మా అమ్మమ్మ మిమ్మల్ని రమ్మంటుంది" అని ఫోన్ చేసింది.

వాళ్లిప్పుడు నీలం నగర్‌లో ఉంటున్నారు. వాడి నాన్న పోయాడు. వాడి తల్లి గోడకు ఆనుకుని, ఒళ్లో చాట పెట్టుకుని, కత్తెరతో తునికాకు కత్తిరిస్తోంది.

"రా కొడుకా. బట్టతల వచ్చె గదరా నీకు. కూసో." కత్తెర ఆగలేదు. "నీ కితాబ్ విన్న. సక్కగ రాసినవ్. నేనే పంపిన గద, ఎవలన్న గట్లనే రాస్తరు."

చాటలోంచి ఇంకో ఆకు తీసుకుంది.

"ఒక్కటే అడుగుత. వాడు మాట్లాడిండని రాసినవ్. గిన్నేండ్ల నుంచి నాకు చెప్పకపోతివి. అవ్వా అన్నడా?"

"ఏమనలే చిన్నమ్మా. అదంత నేను పుట్టించి రాసిన."

"మరి నాడె తగిలి పోయినోనికి జొరం ఎందుకు వెడ్తివి?"

"కన్ను సంగతి బయటికొస్తదని. కన్నుకు తగిలింది కర్ర కాదు చిన్నమ్మా. వాడు నన్ను సూడనప్పుడు నేను గుద్దిన. నా పేరు చెప్పద్దని వాడే కర్ర అన్నడు."

చాట నా మొహం మీద పడింది. అందులోని తంబాకు పొడి కళ్లలో మండింది. ఆమె మోకాళ్ల మీద లేచి రెండు చేతులా నన్ను కొట్టింది. చెంపలు, తల, మెడ, ఎక్కడ తగిలితే అక్కడ. మనుమరాలు ఆపబోతే ఆ పిల్లనూ నెట్టేసింది. ఆయాసం వచ్చి ఆగింది.

"ఆయన నన్ను కొడ్తుంటే నువ్వు ఆడనే ఉన్నవ్."

"ఉన్న."

"విస్తరి వట్టుకొని."

"అవు."

"తిన్నవా?"

"తిన్న చిన్నమ్మా."

ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. "బైటికి నడువు. నీ కితాబ్ ఇన్న ఆడోళ్లందరు అరుగుల మీదనే ఉన్నరు. ఇన్నప్పటి సంది నా మొకం దిక్కు సూస్తలేరు. నాకు చెప్పుడు కాదు, వాండ్లకు చెప్పు."

బయటికి వచ్చాను. కళ్లు మండుతూ నీళ్లు కారుతున్నాయి. చాటలు ఒళ్లో పెట్టుకున్న ఆడవాళ్లు తలలెత్తారు. ఆమె నా వెనక తలుపు పట్టుకుని నిలబడింది. నేను ఆమె వైపు తిరిగి, అందరికీ వినపడేలా అన్నాను.

"చిన్నమ్మా, ఆ కితాబ్‌ల రాసింది అబద్ధం. వాని కన్ను మూసుకపోయేటట్టు గుద్దింది నేను. నువ్వు పనికి పంపినవ్ గంతే, సావుకు పంపలే. నీకు పడ్డ దెబ్బలు నాకు పడాల్సినవి. నోరు మూస్కొని సూసిన, మళ్ల నీ మీదనే రాసిన. నన్ను మాఫ్ చెయ్యి."