బంద్ రోజు బత్తాయి

ఇవాళ ఆఫీసులో ఎవరో బత్తాయి ఒలిచారు. ఆ వాసనకి నేను దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇంటి డాబా మీదికి వెళ్ళిపోయాను.

తెలంగాణ ఉద్యమం రోజులు, నాది పదో తరగతి. బంద్ అంటే బడి ఉండదు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కూడా ఉండదు. అక్కడ హమాలీ అయిన మా నాన్న ముందురోజే మిగిలిన బత్తాయిలు సంచిలో తెచ్చేవాడు. గుంటూరు నుంచి వచ్చిన మా ఓనర్ ఆంటీ ఆ సంచి తీసుకుని వీధి పిల్లల్ని డాబా మీదికి పిలిచేది. "బడి లేకపోతే లెక్కలు కూడా లేవా ఏంటి? రండమ్మా."

ఆంటీ పద్ధతే వేరు. లెక్క వచ్చినవాళ్ళకి పండు ఇవ్వదు. వాళ్ళు రానివాళ్ళకి నేర్పాలి, అప్పుడు ఇద్దరికీ చెరిసగం. లెక్కలంటే వణికే నేను పక్కింటి సుజాత వాటాకి వచ్చాను. "గట్ల కాదే, జర నిమ్మలంగ చూడు. నాకు ఆకలైతుంది," అనేది. కొన్నాళ్ళకి నేనే పండు కోసం ఇంకొకరికి నేర్పడం మొదలుపెట్టాను.

మీకూ గుర్తుందా, టీవీలో "రేపు బంద్" అని వస్తే ఎంత సంబరమో? మా వీధిలో మాత్రం లెక్కల పుస్తకాలు బయటికి వచ్చేవి.

ఫలితాలు వచ్చిన రోజు నాన్న, "సగం రోజులు బడే నడవకపాయె, లెక్కల్ల ఎట్ల పాసైనవ్ బిడ్డా?" అన్నాడు.

నేను బత్తాయి ఒలిచి సగం ఆయన చేతిలో పెట్టాను.